అమ్మలూ, సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

అల్లుడితో తగువు గురించి నీ ఫోను వచ్చాక రాత్రంతా నిద్రపట్టలేదు. ఫోనులో చెప్పినవి ఏడుపులో కలిసిపోతాయి, అందుకే రాస్తున్నాను.

ఆదివారం పలాసలో మీ చినమావయ్య పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తగువు తీరుస్తానన్నాడు కదా. వెళ్ళు, పెద్దల్ని కాదనకు. కానీ అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. స్టాంపు కాగితం మీద ‘ఇక మాకు సంబంధం లేదు’ అని రాసుకున్నంత మాత్రాన విడాకులు అయిపోవు. అలా విడిపోయే కులాచారం ఉందని రుజువు చేసుకోగలిగితే తప్ప కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు, ఉండాల్సిందే. ఇరవయ్యేళ్ళ కిందట అలాంటి కాగితం ఒకటి నా చేత్తోనే రాశాను. ఆ పిల్ల మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, ఆ కాగితం చెల్లదని మొదటి మొగుడు కోర్టుకెక్కాడు. నేను తరవాత పారాలీగల్ వాలంటీరుగా, అంటే జనానికి న్యాయసహాయం అందేలా చూసే కార్యకర్తగా, చేరింది ఆమె కోసమే.

శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కేసు వెయ్యకముందే అక్కడ మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ చర్చలకి, అర్జీ పెట్టుకోవచ్చు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి సంపాదనతో నిమిత్తం లేకుండా ప్లీడర్ని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోను చేసినా చెబుతారు.

మన తగువుల్లో పెద్దమనిషి తప్పెవరిదో తేలుస్తాడు. మీడియేషన్‌లో మధ్యవర్తి ఆ పని చెయ్యడు. ఇద్దర్నీ కలిపీ, విడివిడిగానూ కూర్చోబెట్టి ఎవరికి ఏం కావాలో అడుగుతాడు. అక్కడ అన్న మాటలు కోర్టులో మీ మీద వాడకూడదు. అందుకని మనసు విప్పి మాట్లాడు. ఒప్పందం నచ్చకపోతే లేచి వచ్చెయ్యొచ్చు, బలవంతం లేదు.

మీడియేషన్‌కి వెళ్ళే ముందు ఒక నోటుబుక్కు పెట్టుకో. సారె సామాను ఏమేం ఇచ్చారో, బంగారం ఎన్ని తులాలో, ఎవరి దగ్గరుందో, రసీదులు ఏవున్నాయో రాయి. మీ ఇద్దరి పేర్న ఉన్న అప్పులు కూడా. ఆ తరవాత పాప సంగతి. ‘నెలకింత’ అని ఒక్క మాటతో సరిపెట్టకు. ఏ తారీకున, ఏ ఖాతాలో వెయ్యాలి, బడి ఫీజులు ఎవరు కట్టాలి, ఏడాదికేడాది ఎంత పెంచాలి, అన్నీ రాయించు. సంక్రాంతికి పాప ఎవరింట్లో ఉంటుందో కూడా. నవ్వకు, ఆ పండగ దగ్గరే చాలా ఒప్పందాలు తెగిపోవడం చూశాను. ‘నాకేమీ వద్దు, నన్నొదిలేస్తే చాలు’ అని మాత్రం అనకు. పాప మనోవర్తి నీ సొత్తు కాదు, నువ్వు వదులుకోడానికి.

విడిపోవడమే ఖాయమైతే, ఏడాదిగా వేరుగా ఉంటున్నారు కాబట్టి ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారంతో పిటిషను వెయ్యొచ్చు. తరవాత ఆరు నెలల గడువుంటుంది. అన్నీ తేలిపోయి, కలిసే ఆశ లేనప్పుడు కోర్టు దాన్ని మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బు కొంత కోర్టులో మొదటి వాయిదా రోజుకి, మిగతాది చివరి వాయిదా రోజుకి అని ఒప్పందంలోనే పెట్టించు.

ప్లీడర్ని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. అమెరికాలో 1990 నుంచి కొలాబరేటివ్ లా అని ఒక పద్ధతి నడుస్తోంది. రాజీ కుదరక కోర్టుకెళితే ఆ కేసు తాము నడపమని ఇరుపక్షాల ప్లీడర్లూ ముందే రాసిస్తారు. తగువు పెరిగితే వాళ్ళకి లాభం ఉండదన్నమాట. మన జిల్లాలో అలా రాసిచ్చేవాళ్ళని నేను చూడలేదు. అయినా నీ ప్లీడర్ని మొదటిరోజే అడుగు, రాజీకి ఎన్నిసార్లు కూర్చుంటారని. విసుక్కుంటే ఇంకొకర్ని చూసుకుందాం.

ఇంకొక్కటి. అల్లుడు చెయ్యి చేసుకున్నాడా అని అడిగితే ఫోనులో నువ్వు ఆగిపోయావు. అదే నిజమైతే ఇప్పటిదాకా రాసిందంతా పక్కన పెట్టు. భయపడుతూ చేసుకున్నది రాజీ కాదు. అతనితో ఒక గదిలో కూర్చోవద్దు, పలాసకీ వెళ్ళొద్దు. ముందు మహిళా హెల్ప్‌లైను 181కి ఫోను చెయ్. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడుగుదాం. మీ చినమావయ్యతో నేను మాట్లాడతాను.

శనివారంలోగా నాకు జవాబు చెప్పు. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు దగ్గర ఉంటాను. పాపని మీ పెద్దమ్మ చూసుకుంటుంది. పెళ్ళి ఫోటో ఒకటి, ఆధారు కార్డు, ఆ నోటుబుక్కు తెచ్చుకో.

మీ పెదనాన్న