లాభం ఉంది, గల్లాలో డబ్బు లేదు

ప్రశ్న: కోనసీమలోని ఒక పట్టణంలో మా అత్తవారికి బట్టల దుకాణం ఉంది. మామగారు, చినమామగారు సమాన భాగస్తులు. మావారు, మరిది, నేను కూడా అందులోనే పనిచేస్తాం. మా ముగ్గురికీ జీతాలంటూ లేవు. దుకాణం తాతగారు కట్టించిన భవనంలో ఉంది కనుక అద్దె లేదు. ఆయన కాలం చేసినా పత్రాలు ఆయన పేరునే ఉన్నాయి. గత ఏడాది అమ్మకాలు 2 కోట్ల 40 లక్షలు, అమ్మకం ధరలో మార్జిను నూటికి 20. కొన్న ధర ప్రకారం సరుకు 1 కోటి 20 లక్షలు, రావలసిన అరువులు 22 లక్షలు. పన్నులు, ఖర్చులు పోను 14 లక్షలు లాభమని ఆడిటరుగారు చెప్పారు. రెండు ఇళ్ల ఖర్చుకు నెలకు లక్షన్నర గల్లాలోంచి తీస్తాం. ఐదేళ్ల కిందట 30 లక్షలున్న బ్యాంకు సీసీ (సరుకు హామీగా పెట్టి, కావలసినప్పుడు తీసుకుంటూ కడుతూ ఉండే అప్పు ఖాతా) పరిమితి ఇప్పుడు 50 లక్షలు, అదీ ఎప్పుడూ నిండుగానే వాడేసి ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టి 25 లక్షలు తెచ్చి రెండో దుకాణం తెరవాలని మామగారి ఆలోచన. మా వ్యాపారం బాగున్నట్టేనా?
– ఒక కోడలు, కోనసీమ జిల్లా

జవాబు: అమ్మా, మీరు అంకెలన్నీ దాచకుండా రాశారు కనుక నేనూ దాచకుండా చెబుతాను. కొట్టు నడుస్తోంది, బేరాలకు లోటు లేదు, కానీ మీరు చూస్తున్న 14 లక్షలు వ్యాపారం సంపాదించిన డబ్బు కాదు.

మీ ఐదుగురూ రేపటి నుంచి రారని, ఆ పనికి బయటివారిని పెట్టుకోవాలని ఒక్కసారి అనుకోండి. కొనుగోళ్లు చూసేవారు, గల్లాలో కూర్చునేవారు, బిల్లింగు, లెక్కలు చూసేవారు, అన్నీ కలిపి మనిషికి 16 వేలు చొప్పున వేసినా నెలకు 80 వేలు, ఏడాదికి 9 లక్షల 60 వేలు అవుతుంది. మీ బజారులో అంత జాగాకు ఎంత అద్దె పలుకుతుందో పక్క దుకాణంవారిని అడగండి. 45 వేలు అనుకుంటే ఏడాదికి 5 లక్షల 40 వేలు. రెండూ కలిపితే 15 లక్షలు. అంటే మీ శ్రమ, తాతగారి భవనం ఉచితంగా దొరకడం వల్లనే లాభం కనిపిస్తోంది, వాటికి వెల కడితే లక్ష నష్టం. కుటుంబ వ్యాపారాల లెక్కలు చూసిన ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే తరచుగా ఎదురైన పొరపాటు ఇదే, ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. ఇంట్లో మనిషి పనికి వెల కట్టడం తప్పని పెద్దలు అనుకుంటారు. కానీ వెల కట్టకపోవడం వల్ల ముందుగా అన్యాయం జరిగేది మీలాంటి కోడళ్లకే.

ఇక డబ్బు ఎక్కడికి పోతోందన్నది. లాభం 14 లక్షలైతే ఇళ్లకు తీస్తున్నది 18 లక్షలు. ఏటా 4 లక్షల తరుగు, ఐదేళ్లకు 20 లక్షలు. మీ సీసీ పరిమితి పెరిగింది కూడా సరిగ్గా 20 లక్షలే. ప్రతి ఏడూ ఇదే లెక్క ఉండకపోవచ్చు, అయినా సరుకు కోసం ఇచ్చిన అప్పును ఇంటి ఖర్చులు తింటున్నాయన్నది స్పష్టం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది సరుకు. మీరు ఏడాదిలో అమ్మిన సరుకు కొన్న ధర 1 కోటి 92 లక్షలు, అంటే నెలకు 16 లక్షలు. ఆ లెక్కన మీ ర్యాకుల్లో ఏడున్నర నెలల సరుకు ఉంది. శ్రావణానికి, పెళ్లిళ్లకు ముందు నిల్వ పెరగడం సహజమే కానీ, ఇంత నిల్వ ఉండి కూడా కొత్త సరుకుకు అప్పు కావాల్సి వస్తోందంటే అందులో కదలని పాత సరుకు చాలా ఉందని అర్థం. సంక్రాంతి అమ్మకాలు అయ్యాక మీరే నిలబడి పై అరల నుంచి లెక్క తీయించండి. ప్లాస్టిక్ కవరు పసుపుపచ్చగా మారి, మడత దగ్గర రంగు వెలిసి, జరీ నల్లబడిన చీర బయటికి వస్తుంది. ధర చీటీ మీద కొన్న ధరను గుర్తు అక్షరాల్లో రాసే అలవాటు మీ దుకాణంలోనూ ఉండే ఉంటుంది. దానిపక్కన కొన్న నెల, సంవత్సరం కూడా ఇకనుంచి రాయించండి. రెండేళ్లు దాటినది 30 లక్షలు తేలిందనుకుందాం. ఆషాఢం తగ్గింపులో దానికి 12 లక్షలే వస్తే, మిగతా 18 లక్షలు ఎప్పుడో పోయినట్టే, పుస్తకాల్లో మాత్రం ఇంకా ఉన్నట్టు కనిపిస్తోంది. కొన్న ధర, ఇప్పుడు అమ్ముడుపోయే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానితోనే సరుకు విలువ కట్టాలన్నది లెక్కల నియమం. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటు, అంటే సరుకు నిల్వ లెక్క కూడా అలాగే ఉండాలి. పాత చీరను పూర్తి ధరకు చూపించి తెచ్చుకున్న అప్పు మీ మెడకే చుట్టుకుంటుంది.

అరువుల విషయంలో ఒక్కమాట. అమ్మిన సరుకు బాకీకి 3 ఏళ్లు దాటితే కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది, కనుక ఆ లోపే బాకీదారు చేత ఒప్పుకోలు రాయించి సంతకం తీసుకోండి. మీ భాగస్వామ్య సంస్థ రిజిస్టరు కాకపోతే దావా వేసే వీలే ఉండదు, అది కూడా చూసుకోండి.

కాగితాల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. భాగస్తులు ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు కాలం చేస్తే, ఒప్పందంలో కొనసాగుతుందని రాసుకున్నా సంస్థ నిలవదని 1965లోనే సుప్రీంకోర్టు చెప్పింది; భాగస్వామ్యానికి కనీసం ఇద్దరు ఉండాలి కదా. ఆనాడు జీఎస్టీ నంబరు, సీసీ ఖాతా అన్నీ ఒక్కసారిగా చిక్కులో పడతాయి. మావయ్యలిద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీవారిని, మరిదిని, మిమ్మల్ని కూడా భాగస్తులుగా చేర్చి, పనిచేసే భాగస్తులకు జీతం ఎంతో ఒప్పందంలో రాయించండి. రాయకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్తుడికి జీతం అడిగే హక్కు లేదు. భవనం తాతగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన కూతుళ్లకూ కొడుకులతో సమాన భాగం ఉంది. మీ వారి మేనత్తలు ఎవరైనా ఉంటే వారినీ కూర్చోబెట్టి మాట్లాడి, అద్దె ఒప్పందం రాసుకోవడం మంచిది.

రెండో దుకాణం ఇప్పుడు వద్దు. ఈ మాట మామగారితో మీరు నేరుగా అనడం కష్టమని నాకు తెలుసు. అందుకే ముందు మీవారితో కలిసి పాత సరుకు లెక్క తీసి, ఆ చీరల్లో నాలుగు ఆయన ముందు పరిచి, వచ్చే ఆషాఢంలో వాటిని అమ్మేసి సీసీలో కట్టేద్దామని అడగండి. ఇళ్ల ఖర్చు నెలకు ఇంతేనని ఇద్దరు మావయ్యలూ ఒప్పుకొని, సీసీ వాడకం వరుసగా రెండు సీజన్లు 35 లక్షలు దాటకుండా ఉంటే, అప్పుడు రెండో దుకాణం లెక్కలు రాసి పంపండి, ఇంత వివరంగానే చూసి చెబుతాను.