బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీలో ఒక గ్రూపును నడపమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) రెండో ఏడాదిలో ఉండగానే స్పెషల్ ఇంట్రెస్ట్ గ్రూపుకు, అంటే ఒకే అంశం మీద ఆసక్తి ఉన్న సభ్యుల బృందానికి, చెయిర్‌గా (సారథిగా) ఉండమని అడిగారనీ, అనుభవజ్ఞులైన ప్రొఫెసర్లు ఉండగా తాము ముందుకు రావడం సబబేనా అన్న సంకోచం ఉందనీ మీరు రాశారు. తప్పకుండా ఒప్పుకోండి. నేను అదే సొసైటీలో మరో గ్రూపుకు మొదట కార్యదర్శిగా, తర్వాత చెయిర్‌గా పనిచేశాను కనుక, ఆ బాధ్యతలో నిజంగా ఏముంటుందో చెప్పగలను.

1913లో ఏర్పడిన ఈ సొసైటీ జీవావరణ శాస్త్ర సంఘాలన్నిటిలోకీ పాతది; ‘ఎకోసిస్టమ్’ అన్న మాటను 1935లో అచ్చులోకి తెచ్చిన ఆర్థర్ టాన్‌స్లీ దీని తొలి అధ్యక్షుడు. డిసెంబరులో జరిగే వార్షిక సదస్సుకు అన్ని శాఖలవారూ వస్తారు కాబట్టి, నేలలోని శిలీంధ్రాల మీద పనిచేసే కొత్త విద్యార్థికి తన పనిని అర్థం చేసుకునే నలుగురు ఆ జనంలో దొరకడం కష్టం. ఆ నలుగురినీ ఒకచోట చేర్చడమే గ్రూపు పని. అందువల్ల చెయిర్‌కు కావలసింది రంగంలో అందరికంటే ఎక్కువ పాండిత్యం కాదు. మెయిళ్లకు వెంటనే జవాబివ్వడం, పనిని పంచడం, పంచిన పనిని మర్యాదగా గుర్తుచేయడం. ఇవి పోస్ట్‌డాక్‌లు బాగా చేయగలరు, పైగా కొత్తవారి ఇబ్బందులు వారికే బాగా తెలుసు. మన దగ్గర ‘సార్’ అన్న పిలుపుకు అలవాటుపడినవారికి, పేరున్న శాస్త్రవేత్తను పేరుతో సంబోధిస్తూ ‘శుక్రవారంలోగా సారాంశం పంపండి’ అని రాయడం మొదట్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. అక్కడ దాన్ని ఎవరూ అగౌరవంగా తీసుకోరు.

ఏడాదికి ఒక్క మంచి సమావేశం చాలు. మే నుంచి ఆగస్టు దాకా చాలామంది ఫీల్డ్‌వర్క్‌లో ఉంటారు కనుక చలికాలం చివరి వారాలు అనుకూలం. ప్రవేశం పూర్తిగా ఉచితమైతే పేరు నమోదు చేసుకున్నవారిలో చాలామంది రారు. భోజనాలు మిగిలిపోతాయి, చోటు దొరకక ఆగిపోయినవారు బాధపడతారు. నామమాత్రపు రుసుము పెట్టి, కట్టలేమన్న విద్యార్థులకు కారణం అడగకుండా మినహాయించండి. కార్యక్రమంలో విద్యార్థుల ప్రసంగాలను ఉదయమే పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. పొద్దున మాట్లాడిన విద్యార్థిని వెతుక్కుంటూ టీ విరామంలో జనం వస్తారు. సాయంత్రం మాట్లాడిన విద్యార్థి మాత్రం ఖాళీ అవుతున్న హాలును చూస్తూ ముగిస్తారు. మా గ్రూపులో ఈ మార్పు చేశాక, భోజనాల దగ్గర ఒక పీహెచ్‌డీ విద్యార్థిని చుట్టూ చేరిన సీనియర్లు ఆమె నేల నమూనాల తేమను ఎలా కాపాడిందో నోటుబుక్కులో రాసుకోవడం చూశాను. ఆ తర్వాత కమిటీలో చేరతానని ఆమే అడిగింది. గ్రూపుకు వారసులు ఇలాగే వస్తారు, అందరికీ పంపే ప్రకటన చూసి వచ్చేవారు బహు తక్కువ. ఎవరిని కోరుకుంటున్నారో వారికే, ఫలానా పని కోసమని విడిగా రాయండి.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. సొసైటీ చారిటీగా, అంటే లాభాపేక్ష లేని ప్రజాహిత సంస్థగా, నమోదైంది కనుక ఖర్చులు సొంత ఖాతాలోంచి కాక, కార్యాలయం ద్వారానే నడిపించండి. సభ్యుల మెయిల్ చిరునామాలను మీ కంప్యూటర్లో జాబితాగా దాచుకోవడం కూడా వద్దు. బ్రిటన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కఠినమైనది. అక్కడి సిబ్బంది ఈ రెండింటిలోనూ ఓపిగ్గా సాయం చేస్తారు.

మీ కాంట్రాక్టు ముగిసి హైదరాబాదుకో మరో దేశానికో వెళ్లిపోతే ఏమిటన్నది మీరు అడగలేదు గానీ, అది ముందే ఆలోచించవలసిన విషయం. సభ్యత్వం ఉద్యోగంతో ముడిపడినది కాదు, ఇతర దేశాల్లోని సభ్యులూ ఇందులో ఎందరో ఉన్నారు. అయినా మీరు దిగిపోవడానికి ముందు కొన్ని నెలలైనా తదుపరి చెయిర్ మీతో కలిసి పనిచేసే ఏర్పాటు ఉండాలి. కాబట్టి సమ్మతి తెలిపే మెయిల్‌లోనే పదవీకాలం ఎంత, కమిటీలో ఇంకా ఎవరు కొనసాగుతారు, వచ్చే ఏడాది ఖర్చులకు ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలి అన్నవి అడిగి, ఆ జవాబులు చూపించి మీ సూపర్‌వైజర్‌తో మాట్లాడండి.