మెరీనాలో స్నేహితుడు మునిగిపోతుంటే దూకాలా?

చెన్నై మెరీనా బీచ్‌లో మావాడు అలల్లో కొట్టుకుపోతుంటే, ఈత వచ్చి కూడా ఒడ్డున నిలబడాలా అని అడిగారు. ఉత్త చేతులతో మాత్రం దూకొద్దు. కాళ్లు ఆగవని తెలుసు, నావీ ఆగవు.

ఒడ్డుకొచ్చిన అలల నీళ్లు సన్నని పాయగా వేగంగా లోపలికి పోతుంటాయి. ఆ వేగం సెకనుకు 2 మీటర్లు కూడా దాటవచ్చు. గజ ఈతగాడైనా ఎదురీదలేడు. పైగా మునిగేవాడు ఊపిరి కోసం దొరికినదాన్ని కిందికి తొక్కి పైకి రావాలని చూస్తాడు, అది మీ మెడైనా సరే. ఎంత ప్రాణస్నేహితుడైనా ఆ క్షణంలో మీరెవరో గుర్తుండదు.

దగ్గర్లో జాలర్లుంటే కేకేయండి, పడవ, తాడు వాళ్ల దగ్గరుంటాయి. ఒకరిని 112కి ఫోన్ చేయమనండి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్ విసరండి. పొట్టకు హత్తుకుంటే తేలతాడు. "ఎదురీదకు, పక్కకి రా!" అని తెలుగులోనే అరవండి, ఆ టెన్షన్‌లో సొంత భాషే చెవికెక్కుతుంది.

మీకు సముద్రంలో బాగా ఈత వచ్చి, నడుముకు కట్టిన తాడు ఒడ్డున నలుగురు పట్టుకుంటేనే దిగండి. అప్పుడు కూడా అతనికి క్యాన్ అందించండి, చెయ్యి కాదు.