తొందరగా పెరిగిన మచ్చ అంటే ఇక ఆశ లేనట్టేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. మా నాన్నకి 61 ఏళ్లు, పొలం పనికి చెప్పుల్లేకుండానే వెళ్తారు. మడమ మీద నల్లమచ్చ కనబడితే ముల్లు విరిగి ఉండిపోయిందనుకున్నాం, నాలుగు నెలల్లో అది బొడిపెలా లేచి రసి కారడం మొదలైంది. బరంపురంలో బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) చేసి మెలనోమా, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ అన్నారు, బ్రెస్లో (మచ్చ మందం) 3.2 మిల్లీమీటర్లు, అల్సరేషన్ (పైన పుండు) ఉంది అని రిపోర్టు. ఇంత స్పీడుగా పెరిగితే వైద్యం దండగ అంటున్నారు ఊళ్ళో. నిజమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: దండగ కాదమ్మా, ఆ మాట నాన్నగారి చెవిన పడనివ్వకండి. పెరిగే స్పీడుకి విలువ ఉంది, కాదనను. మెల్బోర్న్ డాక్టర్లు 2006లో 404 మందిని చూస్తే మూడోవంతు మందిలో నెలకి అర మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువే మందమైంది, బొడిపెలా లేచే రకమే అన్నిటికంటే వేగం. మీ లెక్కన 3.2ని నాలుగుతో భాగిస్తే నెలకి 0.8 వస్తుంది, ఎక్కువే, కానీ ఆ నాలుగు నెలలు మీ కంట పడినప్పట్నుంచి కదా, తన మడమ తను ఎవరు చూసుకుంటారు చెప్పండి, అది ఏడాది నుంచి ఉన్నా ఉండొచ్చు. మన రంగు వాళ్ళకి మెలనోమా ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోరు కిందే వస్తుంది, అందుకే ముల్లనో ఆనికాయనో అనుకుని ఆలస్యం అయిపోతుంది, మీ తప్పు కాదు.

ముందు ముందు ఎలా ఉంటుందనేది స్పీడు కంటే మందం, పుండు, గజ్జల్లో లింఫ్ గ్రంథులకి పాకిందా లేదా అన్నవే ఎక్కువ చెప్తాయి. గ్రంథులు క్లీన్‌గా ఉంటే మీది 2బి స్టేజి. క్యాన్సర్ ఎంత ముదిరిందో చెప్పడానికి డాక్టర్లు వాడే స్టేజింగ్ పద్ధతి 2017లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ లెక్కలో ఈ స్టేజి వాళ్ళు 100కి 87 మంది అయిదేళ్ల తర్వాత కూడా మెలనోమా వల్ల పోలేదు. అరికాలి రకంలో ఇంతకంటే తగ్గుతుంది, దాచను, అయినా ఆశ లేదనే అంకె కాదిది.

స్పీడు మీకు చెప్పేదల్లా ఒక్కటే, ఇంకో నెల ఆగొద్దని. పసరు పెట్టడం, కాల్చడం, ఊళ్ళో ఎవరిచేతో కోయించడం అసలు వద్దు. మచ్చ చుట్టూ 2 సెంటీమీటర్ల మేర తీసేసి, అవసరమైతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు, కాలు తీసేయడం చాలామందికి అక్కర్లేదు. అదే ఆపరేషన్లో సెంటినెల్ నోడ్ (క్యాన్సర్ పాకితే మొదట చేరే లింఫ్ గ్రంథి) కూడా చూడమని అడగండి. విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్‌కి వెళ్ళినా కటక్ వెళ్ళినా బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకు (తీసిన ముక్కని దాచిన మైనం దిమ్మ) అడిగి తీసుకెళ్ళండి, కాగితం ఒక్కటే పట్టుకెళ్తే మళ్ళీ తిప్పుతారు. గ్రంథి రిపోర్టు వచ్చాక రాయండి, ఇమ్యునోథెరపీ (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంట్లో రోగనిరోధక శక్తిని ఎగదోసే మందులు) కావాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడదాం.