బాబుని గుంటూరులో వదిలి వెళ్ళమంటారా?

గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక చెల్లెలు అడిగిన సందేహం ఇది. భర్తకి డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. పాపకి ఆరేళ్ళు, బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. బాబుకి ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు, బొమ్మ కారుని తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంటాడు. పిల్లల డాక్టరుగారు ఆటిజం కావచ్చు, ఆలస్యం చేయొద్దన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ రాలేదు. మీరు పాపని తీసుకెళ్ళి కుదురుకోండి, వీణ్ణి ఏడాదిపాటు మేం చూసుకుంటాం" అంటున్నారు. ఏం చేయాలో పాలుపోవడం లేదు అక్కా అని రాసింది.

తీసుకెళ్ళండమ్మా. మీతోపాటే తీసుకెళ్ళండి.

నేనూ ఆ గాలిలో పెరిగినదాన్నే. డల్లాస్ పక్కన ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను, చిన్నవాడికి ఆటిజం. పెద్దవాళ్ళ మాటలో ప్రేమ తప్ప వేరే ఏమీ లేదని నాకు తెలుసు. పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గర ఉంచి వెళ్ళిన వాళ్ళనీ నేను తప్పుపట్టను, ఒక్కో ఇంటి ఇబ్బంది ఒక్కోలా ఉంటుంది. కానీ మీ బాబు విషయంలో ఆ ఏడాది చాలా విలువైనది. ఎందుకో వివరంగా చెబుతాను.

అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం ఒక చట్టం ఉంది. 1975లో వచ్చింది, 1990 నుంచి దాన్ని 'ఐడియా' అంటున్నారు. మూడేళ్ళ లోపు పిల్లలకి అందులో ఒక దారి, మూడు నిండిన పిల్లలకి ఇంకో దారి. మొదటిదాన్ని డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో ఈసీఐ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్, అంటే పసివయసులోనే అందించే సాయం) అంటారు. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోన్ చేసి "మా బాబుకి మాటలు రాలేదు, చూడండి" అనొచ్చు. ఫోన్ చేసిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్షలు పూర్తిచేసి, అర్హత ఉంటే ఏమేం చేయాలో మీతో కూర్చుని కాగితం మీద పెట్టాలి. పరీక్షకి, ఆ ప్రణాళికకి డబ్బు తీసుకోరు. తర్వాత చేసే థెరపీకి ఆదాయాన్ని బట్టి కొంత వాటా ఉండొచ్చు. ముఖ్యంగా, వాళ్ళే మీ ఇంటికి వస్తారు. మీ వంటింట్లో, మీ చాప మీద, మీ బాబు రోజూ ఆడుకునే గిన్నెలూ గరిటెలతోనే పని మొదలుపెడతారు. వాళ్ళు వచ్చే గంటకంటే, ఆ గంటలో మీరు నేర్చుకుని మిగతా వారమంతా చేసేదే బిడ్డకి ఎక్కువ ఉపకారం.

ఈ దారి మూడో పుట్టినరోజుతో ఆగిపోతుంది. మీకు ఉన్నది ఎనిమిది నెలలు. బాబు ఏడాది గుంటూరులో ఉండిపోతే అది అందదు. ఆ తర్వాత దారి లేదని కాదు, మూడు నిండగానే ఊరి పబ్లిక్ స్కూలు, అంటే అక్కడి ప్రభుత్వ బడి, బాధ్యత తీసుకుంటుంది. బడి ఈడు రాలేదు కదా అనుకోకండి, అర్హత తేలిన పిల్లలకి మూడేళ్ళ నుంచే స్కూల్లో చోటుంటుంది, ఫీజు ఉండదు. కానీ ఈసీఐలో ఉన్న పిల్లల్ని బడికి అప్పజెప్పే పని ఈసీఐ వాళ్ళే ముందుండి చూస్తారు. మూడో పుట్టినరోజుకి 90 రోజుల ముందే ఆ సమావేశం జరగాలి. కొత్తగా దిగినవాళ్ళకి స్కూలు వ్యవస్థ అర్థమయ్యేసరికే చాలా రోజులు పడుతుంది. చేయిపట్టి నడిపించే మనిషి ముందే ఉంటే ఎంత తేడానో నేను దగ్గరుండి చూశాను.

వీసా గురించి భయం వద్దు. పిల్లల్ని చేర్చుకోవడానికి స్కూలు వీసా కాగితాలు అడగదు. కాగితాలు లేని పిల్లలకైనా ప్రభుత్వ బడిని నిరాకరించకూడదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లైలర్ వర్సెస్ డో తీర్పు టెక్సాస్ కేసులోనే వచ్చింది. మీరు ఆ స్కూలు పరిధిలో ఉంటున్నట్టు చూపే కాగితం, పుట్టిన తేదీ సర్టిఫికెట్, టీకాల పుస్తకం, వీటితోనే పని.

ఇక అసలు సంగతి. అడగనిదే అమ్మయినా పెట్టదని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ దేశంలో ఈ సౌకర్యాలన్నీ ఉన్నాయి గానీ, అడిగిన ఇంటికే త్వరగా వస్తాయి. మనం పెరిగిన పద్ధతి వేరు. పంతులుగారు చెబితే చేతులు కట్టుకుని వింటాం, డాక్టరుగారిని ఎదురు ప్రశ్న వేయం. అక్కడి టీచరు "కొత్త దేశం, కొత్త భాష, కొన్నాళ్ళు చూద్దాం" అని మర్యాదగా అంటే మనం ఇంకా మర్యాదగా తలూపి వచ్చేస్తాం. బాబుకి తెలుగులో కూడా మాటలు లేవన్న సంగతి ఆమెకి మీరు చెబితేనే కదా తెలిసేది! ఇంగ్లీషు రాకపోవడం వేరు, ఏ భాషా రాకపోవడం వేరు. పరీక్షని వీలైనంతవరకు పిల్లాడి ఇంటిభాషలో చేయాలని చట్టమే అంటుంది. తెలుగు దుబాసీ కావాలని ముందే చెప్పండి.

అడిగేది నోటితో కాకుండా రాసి అడగండి. టెక్సాస్‌లో స్కూలు జిల్లా (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) ప్రత్యేక విద్య అధికారికి తల్లిదండ్రులు రాతపూర్వకంగా పరీక్ష అడిగితే, 15 స్కూలు రోజుల్లోగా వాళ్ళు జవాబివ్వాలి. మీరు ఒప్పుకుని సంతకం పెట్టిన దగ్గర్నుంచి, మామూలుగా 45 స్కూలు రోజుల్లో నివేదిక సిద్ధం కావాలి. ఒక్క ఈమెయిల్ చాలు, పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, మీకు కనబడుతున్న నాలుగు ఇబ్బందులు, 'ప్రత్యేక విద్య కోసం పూర్తి పరీక్ష చేయమని కోరుతున్నాను' అన్న వాక్యం, తేదీ. పిల్లల్ని స్కూల్లో దింపేటప్పుడు టీచరుతో నవ్వుతూ అనుకున్న మాటకి ఏ గడువూ ఉండదు.

అప్పుడు ఒక సమావేశం పెడతారు. బాబుకి బడిలో ఏమేం చేయాలో తేల్చే సమావేశం ఇది. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అనేదాన్ని టెక్సాస్‌లో ఆర్డ్ అంటారు. బల్లకి అవతల ఐదారుగురు కూర్చుంటారు, మీరిద్దరే ఇవతల. కంగారుపడకండి, ఆ కమిటీలో మీరూ సభ్యులే. నివేదిక ముందే పంపమని అడగండి, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చుని చదవండి. అర్థంకాని మాట దగ్గర ఆపి అడగండి. అంగీకారం కుదరకపోతే 10 స్కూలు రోజుల వరకు వాయిదా వేసుకుని మళ్ళీ కూర్చునే వీలుంది. భర్త ఒక్కడే వెళ్ళడం మనవాళ్ళలో ఎక్కువ. నా మాట విని మీరూ వెళ్ళండి. బాబు పగలంతా ఎలా ఉంటాడో తెలిసిన మనిషి ఆ గదిలో ఉండాలి.

డాక్టరు పని స్కూలు పనికి సమాంతరంగా సాగాలి. స్కూలుకి వైద్య నిర్ధారణ అక్కర్లేదు, వాళ్ళ పరీక్ష వాళ్ళు చేసుకుంటారు. ఇన్సూరెన్సు మాత్రం ఏబీఏ (ప్రవర్తన, నైపుణ్యాలు చిన్న చిన్న మెట్లుగా నేర్పే పద్ధతి) లాంటి థెరపీకి డాక్టరు నిర్ధారణ చూపమంటుంది. అక్కడ ఎదుగుదల సమస్యలు చూసే స్పెషలిస్టు అపాయింట్‌మెంట్‌కి నెలల తరబడి ఆగాల్సి వస్తుంది కాబట్టి పిల్లల డాక్టరుని కలిసిన మొదటిరోజే రిఫరల్ అడిగి వరసలో పేరు రాయించండి. ఆటిజం లక్షణాలున్నాయేమో చూసే ఎం-చాట్ అని 20 ప్రశ్నల పత్రం ఉంది, 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. మీ బాబు ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు, అదీ అడగండి. మీవారు ఉద్యోగంలో చేరేముందు కంపెనీ హెచ్‌ఆర్‌ని అడగాల్సింది: స్పీచ్ (మాటల థెరపీ), ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), ఏబీఏలకి ఇన్సూరెన్సు ప్లాను ఎంతవరకు ఇస్తుంది, ఏడాదికి ఎన్నిసార్లు. ఆటిజం థెరపీని కవర్ చేయాలని టెక్సాస్ చట్టం ఉన్నా, కంపెనీలు సొంత డబ్బుతో నడుపుకునే ప్లాన్లకి అది వర్తించదు. రెండు మూడు ప్లాన్లలో ఒకటి ఎంచుకోమన్నప్పుడు జీతంలో నెలకి ఎంత కోత అని మాత్రమే చూడకండి.

ఇప్పుడు గుంటూరులో చేయాల్సినవి. వినికిడి పరీక్ష, అదే బేరా, చేయించి రిపోర్టు ఇంగ్లీషులో తీసుకోండి. పిలిస్తే తిరగని పిల్లాడి గురించి ఎవరైనా ముందు అడిగేది అదే. థెరపీకి ఎక్కడికైనా తీసుకెళ్తుంటే వాళ్ళ చేత ఒక పేజీ రాయించుకోండి. సదరం సర్టిఫికెట్ కోసం ప్రయాణం వాయిదా వేసుకోవద్దు, అక్కడ అర్హత వాళ్ళ పరీక్షతోనే తేలుతుంది.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. తాతగారింట్లో బాబు మామూలుగా ఉన్నప్పుడు ఫోన్‌లో వీడియోలు తీసుకోండి. అన్నం తినేటప్పుడు, అక్కతో ఉన్నప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, ఏదైనా కావాలని మీ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళినప్పుడు. కొత్త గదిలో కొత్త మనిషి ముందు పిల్లాడు బిగుసుకుపోతాడు, అప్పుడు వాళ్ళకి అసలు పిల్లాణ్ణి చూపేది ఆ వీడియోలే. ఒక నోటుపుస్తకంలో వాడు ఎప్పుడైనా అన్న శబ్దాలు కూడా రాయండి. 'బువ్వ' అన్నాడా, 'తాత్తా' అన్నాడా, అన్నది ఇప్పుడూ అంటున్నాడా, మానేశాడా. వచ్చిన మాట పోయిందంటే డాక్టరుకి అది పెద్ద సంగతి.

వస కొమ్ము మాత్రం పెట్టెలో పెట్టకండి. సరిగ్గా నాకించలేదు కాబట్టే మాటలు రాలేదని మిమ్మల్ని ఎవరైనా అంటే మనసుకి తీసుకోకండి, ఆటిజానికి దానికీ సంబంధం లేదు. అమెరికాలో తినే పదార్థాల్లో వస వాడకం నిషేధం. కాటుక కూడా వద్దు, కొన్నింటిలో సీసం ఉంటుంది, సీసం చిన్నపిల్లల మెదడుకి హాని. చేతికందింది నోట్లో పెట్టుకునే పిల్లాడైతే మరీ జాగ్రత్త. డాక్టరు రక్తంలో సీసం పరీక్ష రాస్తే చేయించండి.

తెలుగు మానేయమని ఎవరో ఒకరు చెబుతారు. "ఒక్క భాషే రాదు, రెండెందుకు?" అంటారు. వినకండి. రెండు భాషల ఇంట్లో పెరిగితే ఆటిజం పిల్లలకి మాట ఇంకా వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మీకు లాలించడం వచ్చేది తెలుగులో, కోప్పడడం వచ్చేది తెలుగులో. రాని ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడే అమ్మ కంటే తెలుగులో గలగలా మాట్లాడే అమ్మ ఆ బిడ్డకి కావాలి. అమ్మమ్మా తాతయ్యలతో వీడియో కాల్ ఆపకండి. వాళ్ళకీ కాస్త నేర్పండి. మా అమ్మ విజయవాడ మొగల్రాజపురంలో మావాడికి చేగోడీల డబ్బా ఎలా ఇచ్చేదంటే, వాడు చూపు తిప్పేలోపే చేతిలో పెట్టేది. థెరపిస్టు చెప్పినట్టు డబ్బా మూత బిగించి వాడికే ఇవ్వమన్నాను. అమ్మకి ప్రాణం విలవిల్లాడింది, అయినా నోరు మూసుకుని ఆగింది. వాడు డబ్బా తిప్పాడు, కొట్టాడు, చివరికి తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి మొహంలోకి చూశాడు. "తియ్యనా?" అంది. "తి" అన్నాడు. ఆ తర్వాత ఆవిడకి ఎవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. మీ అత్తగారు బాబుని చూసుకుంటానంటున్నారు కదా, ఆ ఓపిక వృథా పోనివ్వకండి. విజిటర్ వీసాకి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి.

పాప గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను. ఆరేళ్ళ పిల్ల కూడా దేశం మారుతోంది, స్నేహితుల్ని వదులుకుంటోంది. తమ్ముడి కోసం ఇంటికి మనుషులు వస్తుంటే, అమ్మ ఎప్పుడూ ఫోన్‌లో ఉంటే, తను మంచిపిల్లగా ఉండడమే తన పని అనుకుంటుంది. అలాంటి పిల్లలు గొడవ చేయరు కాబట్టి మనకి కనబడరు. "పెద్దదానివి కదా, సర్దుకో" అన్న మాటని ఇంట్లో తగ్గించండి. తమ్ముడికి ఏమైందో వయసుకి తగ్గట్టు చెప్పండి, లేకపోతే బళ్ళో ఎవరో చెబుతారు. వారంలో ఒక పూట బాబుని నాన్నకి అప్పగించి ఆ పిల్లతో మీరొక్కరే బయటికి వెళ్ళండి.

చివరిగా ఇల్లు చూసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. గుంటూరు ఇంటికి గ్రిల్లు గేటు, దానికి గొళ్ళెం, ఎదురింటి పిన్నిగారి కాపలా. అక్కడ అపార్టుమెంటు తలుపు తీస్తే నేరుగా పార్కింగు, నాలుగడుగుల్లో స్విమ్మింగ్‌పూల్. ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా బయటికి వెళ్ళిపోవడం ఎక్కువ, నీళ్ళంటే ఇష్టం ఎక్కువ, ఆ రెండూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పూల్‌కి దూరంగా ఉన్న బ్లాకు అడగండి. పిల్లాడికి అందని ఎత్తులో గడియ, తలుపు తీస్తే మోగే అలారం మొదటి రోజే పెట్టించండి. గడియ బిగించడానికి లీజు ఆఫీసు అనుమతి కావాల్సి వస్తే, అదీ ఈమెయిల్‌లోనే అడగండి. పిల్లాడు కనబడకపోతే ముందు పూల్ దగ్గరికి పరుగెత్తండి, అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి ఆటిజం ఉందని, పిలిస్తే పలకడని చెప్పండి. ఈత నేర్పించడం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

దిగిన వారంలోనే ఈసీఐకి ఫోన్ చేయండి. సొంతంగా ఇల్లు కుదిరేదాకా ఆగక్కర్లేదు, ప్రస్తుతం మీరున్న చోటి జిప్ కోడ్ చెబితే ఏ కేంద్రం వస్తుందో వాళ్ళే చెబుతారు.