బియ్యం ముంచిన వ్యాపారి, ఊరు నిలబెట్టిన చక్రవర్తి

ప్రశ్న: అమెరికాలో ఒకాయన తనను తానే చక్రవర్తిగా ప్రకటించుకుని ఆజ్ఞలు జారీ చేశాడట. నిజమేనా సార్? వాటిని ఎవరైనా పాటించారా?
– డిగ్రీ విద్యార్థి, కాజీపేట

జవాబు: నిజమే. ఆయన పేరు జాషువా అబ్రహాం నార్టన్. ఇంగ్లండులో పుట్టి, దక్షిణాఫ్రికాలో పెరిగి, 1849లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. బంగారం కోసం జనం ఎగబడుతున్న రోజులవి. నార్టన్ మాత్రం స్థలాలు కొని అమ్మి, సరుకుల వ్యాపారం చేసి బాగా గడించాడు.

ఆయన్ను ముంచింది బియ్యం. 1852లో చైనాలో కరువు వచ్చి ఎగుమతి ఆగిపోయింది. పౌను నాలుగు సెంట్లున్న బియ్యం శాన్‌ఫ్రాన్సిస్కోలో 36 సెంట్లకు ఎక్కింది. అప్పుడే పెరూ బియ్యంతో ఒక ఓడ రేవులో ఉందని తెలిసి, రెండు లక్షల పౌన్ల సరుకు మొత్తాన్నీ పన్నెండున్నర సెంట్ల చొప్పున బేరం చేసుకున్నాడు. మన లెక్కలో 900 క్వింటాళ్ల పైమాట. ఆ వెంటనే పెరూ నుంచే మరిన్ని ఓడలు వచ్చాయి. ధర మూడు సెంట్లకు పడిపోయింది. సరుకు నాణ్యత విషయంలో తనను మోసగించారని కోర్టుకెక్కాడు. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగి చివరికి ఓడిపోయాడు, దివాలా తీశాడు.

1859 సెప్టెంబరు 17న ఒక పత్రికలో ఆయన ప్రకటన వచ్చింది: ప్రజల్లో అత్యధికుల కోరిక మేరకు సంయుక్త రాష్ట్రాల చక్రవర్తినవుతున్నానని. నెల తిరగకముందే అవినీతి పెరిగిందంటూ అమెరికా కాంగ్రెస్‌ను రద్దు చేస్తూ ఇంకో ఆజ్ఞ. కాంగ్రెస్ యథాప్రకారం సమావేశమైందని వేరే చెప్పనక్కర్లేదు. ఆయన మాత్రం భుజాల మీద ఇత్తడి కుచ్చుల నీలం సైనిక దుస్తులు, ఈక గుచ్చిన టోపీ వేసుకుని, చేతికర్రతో ఇరవై ఏళ్లు ఊరి వీధులు తనిఖీ చేశాడు. నివాసం రాత్రికి 50 సెంట్ల అద్దె గది.

ఊరు పాటించింది ఆయన ఆజ్ఞలను కాదు, ఆయన మర్యాదను. 1867లో ఒక పోలీసు ఆయన్ను పిచ్చివాడని పట్టుకుపోతే పత్రికలు మండిపడ్డాయి. ఈ చక్రవర్తి రక్తం చిందించలేదు, ఎవరినీ దోచుకోలేదు, ఏ దేశాన్నీ కొల్లగొట్టలేదు, మిగతా చక్రవర్తుల గురించి ఆ మాట చెప్పగలమా అని ఒక పత్రిక రాసింది. పోలీసు అధిపతి వదిలేశాడు. ఆ తర్వాత వీధిలో పోలీసులే ఆయనకు వందనం చేసేవారు. 1870 జనాభా లెక్కల్లో వృత్తి దగ్గర 'చక్రవర్తి' అని రాసుకున్నారు. ఆయన అచ్చువేయించిన నోట్లను అంగళ్లలో తీసుకునేవారు. ఏడు శాతం వడ్డీతో 1880లో చెల్లిస్తానని వాటి మీద మాట ఇచ్చాడు. ఆ ఏడాది జనవరి 8న వీధిలో నడుస్తూ కూలిపోయి మరణించాడు. అంతిమయాత్రకు పదివేల మంది వచ్చారని నాటి పత్రికలు రాశాయి.

ఒక జాగ్రత్త చెబుతాను. ఆయన పేరుతో చలామణీ అవుతున్నవన్నీ ఆయనవి కావు. పత్రికలవాళ్లు అమ్మకాల కోసం కల్పించినవీ ఉన్నాయి. కానీ ఓక్లాండ్ నుంచి మధ్యలోని ద్వీపం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు వంతెన వేయాలని 1872లో ఇచ్చిన ఆజ్ఞ ఆయనదే. 1936లో ఆ ద్వీపం మీదుగానే వంతెన మొదలైంది. ఇంజనీర్లు ఆయన కాగితం చూసి కట్టారని నేననను. అయినా ఆ చూపు నాకు గొప్పగా తోస్తుంది.

ప్రశ్న: సింహాసనం లేనివాడి ఆజ్ఞకు విలువ ఏమిటి? రాజంటే మన కాకతీయులు కదా?
– పత్తి వ్యాపారి, జమ్మికుంట

జవాబు: మీరు వ్యాపారులు కాబట్టి గణపతిదేవుడి మోటుపల్లి శాసనం చెబుతాను. 1244 నాటిది. అంతకుముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతో ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని ఓరుగల్లు ప్రభువు రాతిమీద చెక్కించాడు. సుంకం ముప్పయ్యో వంతు. వెనుక సైన్యం ఉన్న ఆజ్ఞ కాబట్టి అది చెల్లింది. నార్టన్‌కు సైన్యం లేదు. అయినా తెల్లవారికి వ్యతిరేకంగా చైనీయుల సాక్ష్యం చెల్లదని కాలిఫోర్నియా కోర్టులు తోసిపుచ్చుతున్న కాలంలో వాళ్ల పక్షాన మాట్లాడాడు. ఎవరిని కాపాడటానికి ఇచ్చాడన్నదే నేను ఏ ఆజ్ఞలోనైనా మొదట చూస్తాను.

ప్రశ్న: సార్, మా మామగారికి మిర్చి వ్యాపారంలో చాలా నష్టం వచ్చింది. అప్పటి నుంచి ఓరుగల్లు తనదేనని అంటూ అట్టముక్కల మీద ఆజ్ఞలు రాసి గుమ్మానికి కడుతున్నారు. 'వీధి చివరి మురికికాలువకు మూత వేయవలెను' అని మొన్న ఒకటి. పిల్లలు రాళ్లు వేస్తున్నారు. మా వారు గదిలో పెట్టి తాళం వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: తాళం మాత్రం వద్దమ్మా. మా నాన్నగారు ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. చిన్నప్పుడు ఆయన వెంట మిర్చి మార్కెట్‌కు వెళ్లేవాడిని. అక్కడికి రోజూ ఒక పెద్దమనిషి వచ్చేవాడు. ఉన్నదంతా మిర్చిలో పోగొట్టుకున్నవాడు. ఉతికి ఉతికి పలచబడిన తెల్ల చొక్కా, చంకలో ఎర్ర గుడ్డ చుట్టిన ఖాతా పుస్తకం. జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే వేలం, అయిపోగానే బస్తాల మీదికెక్కి తన ధర తాను పలికేవాడు. హమాలీలు నవ్వకుండా ఆగేవారు. మా నాన్నగారు ఆ ధరను చిట్టా చివరి పేజీలో పెన్సిలుతో రాసి, "రాసుకున్నానయ్యా" అని చూపించేవారు. అప్పుడాయన కిందికి దిగి చాయ్ తాగేవాడు. నాన్నగారు పోయాక ఆ చిట్టాలు విప్పి చూస్తే ఆ పెన్సిలు అంకెలు అలాగే ఉన్నాయి. చాలాసేపు మూయలేకపోయాను.

అయితే ఆ మనిషిని ఎవరూ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. మీరు ఆ పొరపాటు చేయకండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్‌లో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మానసిక వైద్యుడికి చూపించండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇలాంటివారిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది, గౌరవంగా బతికే హక్కు ఇచ్చింది. మీ వారికి ఈ పేజీ చదివి వినిపించండి. రాళ్లు వేసే పిల్లల ఇళ్లకు మీరే వెళ్లి, మా ఇంటి పెద్దాయన అని చెప్పండి.

ఆ మురికికాలువ సంగతి. వర్షాకాలం రాకముందే దానికి మూత పడాలి, మీ మామగారు రాసింది సరైన మాట. ఆ అట్టముక్క పారేయకండి. దాని మీది వాక్యాన్నే కాగితం మీదికి ఎత్తి, కింద ఆయనతోనే సంతకం పెట్టించి, అర్జీగా ఇచ్చి రండి. రసీదు తెచ్చి ఆయన చేతికి ఇవ్వండి.