క్రియాటినిన్ సంగతి ఫారంలో రాయాలా? పాలసీ డబ్బు ఎవరికి చేరుతుంది?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నాకు 38 ఏళ్లు. చిన్న జీడిపప్పు వ్యాపారం ఉంది. ఇంట్లో అమ్మ, భార్య, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. రెండేళ్ల కిందట రక్తపరీక్షలో నాకూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) కొంచెం ఎక్కువ వచ్చింది. మళ్లీ చూపించుకోలేదు. వ్యాపారం కోసం చేసిన నోటు బాకీలు ఏడు లక్షలున్నాయి. 50 లక్షలకు జీవిత బీమా పాలసీ తీసుకుందామంటే ఏజెంటు ఇలా అంటున్నాడు: "రక్తపరీక్ష సంగతి రాయకండి, రాస్తే పాలసీ రాదు. మూడేళ్లు దాటితే ఎవరూ అడగరు. నామినీగా మీ తమ్ముడిని పెట్టండి, డబ్బు వ్యవహారాలు ఆడవాళ్లకు తెలియవు." నాకేమైనా అయితే డబ్బు నా భార్యకు చేరుతుందా, అప్పులవాళ్లు పట్టుకుపోతారా?

జవాబు: ముందు మీ అసలు భయం గురించి చెబుతాను. పాలసీ సరైన పద్ధతిలో తీసుకుంటే ఆ డబ్బు మీ భార్యాపిల్లలకే చేరుతుంది. దాని మీద నోట్లవాళ్లకు హక్కు ఉండదు. ఏజెంటు చెప్పినట్టు తీసుకుంటే మాత్రం అసలు క్లెయిమే రాకపోవచ్చు. వచ్చినా అది తమ్ముడి ఖాతాలో పడుతుంది.

మూడేళ్ల మాట చట్టంలో ఉన్నదే. 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండాక కంపెనీ ఏ కారణం చూపించీ పాలసీని ప్రశ్నించకూడదు. కానీ ఏజెంటు మీకు చెప్పని సంగతి ఒకటుంది. ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి, మళ్లీ పునరుద్ధరించుకుంటే ఆ రోజు నుంచి మూడేళ్ల లెక్క కొత్తగా మొదలవుతుంది. జీడిపప్పు వ్యాపారంలో చేతిలో డబ్బు ఆడని నెలలు ఎన్ని ఉంటాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఏటా ఒకసారి కట్టే ప్రీమియానికి గడువు దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేదానికి 15 రోజులు మాత్రమే వ్యవధి ఇస్తారు.

ఆ మూడేళ్లలోపే మీకేమైనా అయితే కంపెనీ ముందుగా ఆసుపత్రి కాగితాలు వెతుకుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కోసం ఎన్ని వైద్య శిబిరాలు పెట్టారో, ఎంతమంది రక్తం పరీక్షించారో మీరు చూస్తూనే ఉన్నారు. మీ రిపోర్టు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. తెలిసీ దాచారని తేలితే దాన్ని మోసం కింద చూస్తారు, కట్టిన ప్రీమియాలు కూడా తిరిగి వస్తాయన్న నమ్మకం ఉండదు. మోసం కాదు, ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పారంతే అని తేలితే ప్రీమియాలు 90 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. అంతకుమించి ఏమీ రాదు.

కొన్నేళ్ల కిందట కవిటి వైపు నుంచి ఒకామె భర్త పాలసీ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పాలసీ తీసుకున్న ఏడాదిన్నరకే ఆయన పోయాడు. ఫారంలో ఆరోగ్యం గురించి అడిగిన ప్రతి ప్రశ్నకూ ఏజెంటు 'లేదు' అని టిక్కు పెట్టాడు. సంతకం మాత్రం భర్తది. అంతకుముందు ఆయన ఆసుపత్రిలో చేరినప్పటి కేస్ షీటును కంపెనీ తెచ్చి ఆమె ఎదుట పెట్టింది. ఆ ఫారంలో ఏముందో తన భర్తకు తెలియనే తెలియదని ఆమె ఎంత చెప్పినా లాభం లేకపోయింది. నేను వాదించి కూడా గెలిపించలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఫారం ఎవరు నింపినా సంతకం చేసినవాడే దానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. అది పాత పాలసీ ఉన్న సంగతి దాచిన కేసు. కాబట్టి మీకు ఇదివరకే పాలసీలు ఉంటే వాటిని కూడా రాయండి.

మీరు చేయాల్సింది ఇది. ముందు మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించండి. పాలసీ సంగతి అలా ఉంచితే, మీ ఇంటి చరిత్ర తెలిసీ రెండేళ్లు ఊరుకోవడం నాకు నచ్చలేదు. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు రెండూ ఫారానికి జతచేయండి. నాన్నగారు దేనితో పోయారని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, కొన్నాళ్లు ఆగమనవచ్చు, ఇవ్వనని కూడా అనవచ్చు. ఒక కంపెనీ ఇవ్వనంటే ఇంకో కంపెనీని అడగవచ్చు, అయితే ముందు కాదన్న సంగతి అక్కడ కూడా చెప్పాలి. ఈలోగా మీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరండి. ఏడాదికి 436 రూపాయలు, బీమా 2 లక్షలు, వైద్య పరీక్ష ఉండదు. 18 నుంచి 50 ఏళ్ల లోపువాళ్లు చేరవచ్చు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంలో పోతే తప్ప డబ్బు రాదు. మీ అవసరానికి ఇది చాలదు, కానీ ఏమీ లేకుండా ఉండకూడదు.

ఇక నామినీ సంగతి. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను మార్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీగా ఉంటే డబ్బు మీద హక్కు వాళ్లదేనని ఆ సవరణ చెబుతుంది. తమ్ముడు ఆ జాబితాలో లేడు. ఆయన డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సిన మనిషి మాత్రమే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, భార్యకు, ఇద్దరు పిల్లలకు తలా పావు వంతు రావాలి. తమ్ముడు మంచివాడే కావచ్చు. రేపు ఆయన ఇవ్వకపోతే మీ భార్య మరిది మీద కోర్టుకెక్కాలి. ఆ పరిస్థితి ఆమెకు ఎందుకు తెస్తారు? ఆడవాళ్లకు డబ్బు వ్యవహారాలు తెలియవన్న మాట కూడా నేను ఒప్పుకోను. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాల లెక్కలు రాసేది, బ్యాంకు అప్పు తెచ్చి నెలనెలా కట్టేది ఆడవాళ్లే.

భార్యను నామినీగా పెట్టడం మంచిదే. కానీ మీకు అప్పులున్నాయి, పైగా 2015 సవరణ తర్వాత కూడా నామినీకి, వారసులకు మధ్య ఎవరి హక్కు గట్టిదన్న దాని మీద హైకోర్టులు ఒకే మాట చెప్పలేదు. అందుకే అంతకంటే గట్టి దారి చెబుతాను. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం 6వ సెక్షన్ కింద పాలసీ తీసుకోండి. ఆ సెక్షన్ మన మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతంలో హిందువులకు, ముస్లింలకు 1913 చివరి నుంచే వర్తిస్తోంది, మిగతా చోట్లకు 1923లో వచ్చింది. ఇంత పాతదైనా మన దగ్గర చాలామంది ఏజెంట్లు దీని ఊసే ఎత్తరు. భార్య కోసం, పిల్లల కోసం అని పాలసీ మీదే రాయిస్తే అది ట్రస్టు అవుతుంది, అంటే వాళ్ల కోసమే వేరుగా ఉంచిన డబ్బు. ఆ డబ్బు మీ ఆస్తి కిందికి రాదు. దాని మీద మీ అప్పులవాళ్లకు హక్కు ఉండదు, తర్వాత మీరు మనసు మార్చుకున్నా వెనక్కి తీసుకోలేరు.

దీన్ని పాలసీ తీసుకునేటప్పుడే విడి ఫారం నింపి పెట్టించుకోవాలి, పాత పాలసీకి తర్వాత తగిలించడం కుదరదు. ఎవరికి ఎంత వాటా అన్నది రాయండి, ట్రస్టీగా, అంటే వాళ్ల తరఫున డబ్బు అందుకునే మనిషిగా, మీ భార్యనే పెట్టండి. ట్రస్టీ పేరు రాయకపోతే డబ్బు రాష్ట్ర అధికారిక ట్రస్టీకి వెళుతుంది, ఆమె అక్కడి చుట్టూ తిరగాలి. అమ్మగారు ఈ ట్రస్టులోకి రారు. ఆమె పేరు నామినీగా పెట్టి విడిగా ఒక చిన్న పాలసీ తీసుకోండి.

ఇది అప్పు ఎగ్గొట్టే దారి అనుకోవద్దు. అప్పులవాళ్లను మోసం చేయాలనే పాలసీ తీసుకున్నారని రుజువైతే దాని డబ్బులోంచి వాళ్ల బాకీ రాబట్టుకునే హక్కును అదే సెక్షన్ వాళ్లకు మిగిల్చింది. అందుకే కోర్టు నోటీసు వచ్చేదాకా ఆగకండి. మీ నోట్ల మీద మీ భార్య సంతకం లేకపోతే, మీ తర్వాత ఆమెకు మీ నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే ఆమె బాధ్యురాలు. ఆమె పుట్టింటి బంగారం మీదకు ఎవరూ రాలేరు.

50 లక్షలు సరిపోతాయా అంటే, మీ ఇంటి ఖర్చు నెలకు 25 వేలు అనుకుందాం, ఏడాదికి 3 లక్షలు. ఏడు లక్షల బాకీ తీర్చగా మిగిలే 43 లక్షలు ఇప్పటి ధరల్లో పద్నాలుగేళ్లకు వస్తాయి. అప్పటికి బాబుకు 18 నిండుతాయి. పాప పెద్ద చదువు ఇందులో లేదు, వీలైతే ఇంకొంచెం పెంచండి. మధ్యమధ్యలో కొంత డబ్బు తిరిగి ఇచ్చే మనీబ్యాక్ లాంటివి ఈ మొత్తానికి చాలా ఖరీదు పడతాయి. గడువులోపు పోతేనే డబ్బు ఇచ్చే టర్మ్ పాలసీ తీసుకోండి. గడువు దాకా బతికి ఉంటే సాధారణంగా డబ్బు తిరిగి రాదు, అందుకే ప్రీమియం తక్కువ. వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

పాలసీ చేతికి వచ్చాక జతచేసిన ఫారం నకలు మీరే చదవండి. తప్పు కనిపిస్తే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి, అసలే నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. మీ భార్య ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట ఉందేమో చూసి ఒకేలా చేయించండి. పాలసీ ఎక్కడ ఉందో ఆమెకు చూపించండి. రేపు కంపెనీ క్లెయిమ్ కాదంటే, ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, ఆ తర్వాత ఏడాదిలోపు హైదరాబాదులో పాలసీదారుల ఫిర్యాదులు వినే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా, లాయరు లేకుండా ఆమే రాసుకోవచ్చు. అక్కడ 50 లక్షల వరకు వింటారు. లేదంటే రెండేళ్లలోపు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.